ఎడమకి బిగిసే చక్రం

మా ఊరు ఐరన్ క్రీక్‌లో అందరికంటే పిరికివాడు ఎల్డన్ జాద్రా. నేను చెప్పే సంగతుల్ని సగానికి సగం తగ్గించుకుని వినడం ఊళ్ళోవాళ్ళకి అలవాటు. కాన్వెంటులో సిస్టర్ ఫిలొమినా నా అబద్ధం ఒక్కొక్కదానికీ గోడ మీద సుద్దతో ఒక గీత గీసేది. నేను ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆ గోడకి వేరే సున్నం వెయ్యక్కర్లేకపోయింది. అయినా ఎల్డన్ పిరికితనం గురించి నేనేం చెప్పినా ఎవరూ తగ్గించుకోరు. తమవైపు నుంచి ఇంకాస్త కలుపుకుంటారు.

అతను మా చెల్లెలు నెట్టీ మొగుడు. అతని భయమంతా ఎత్తు చూస్తేనే. పంతొమ్మిదో ఏట వెండి గనిలో పనికి పంపితే, లోపలికి దిగే నిచ్చెన మూడో మెట్టు మీద బిగుసుకుపోయాడు. వేళ్ళు విడదీయడానికి నలుగురు మనుషులూ ఒక గునపమూ కావలసివచ్చాయి. దాంతో అతన్ని నేలమీదున్న మరమ్మతు షెడ్డులో వేశారు. గని మూతపడేదాకా ముప్ఫై ఒక్క ఏళ్ళు అక్కడే పంపులూ మోటార్లూ బాగుచేశాడు. పెళ్ళినాడు చర్చి మెట్ల మీద ఫొటో తీస్తామంటే కింది మెట్టు దాటి రానన్నాడు. ఆ ఫొటోలో నెట్టీ అతనికంటే జానెడు పొడుగ్గా ఉంటుంది. మా వైపు మగవాళ్ళందరూ ఎత్తు మడమల బూట్లు తొడుగుతారు. ఎల్డన్ చదును అడుగులవే తొడుగుతాడు, ఆ రెండంగుళాలకే కళ్ళు తిరుగుతాయని.

ఇలాంటి మనిషికి పట్టిన పిచ్చి పాత జీపులు.

అరవై రెండులో ఒక గొర్రెల కాపరి దగ్గర మొదటిది కొన్నాడు. నలభై ఆరో సంవత్సరపు విల్లీస్. దాని ఇంజను మీద కోళ్ళు కాపురం ఉండేవి. బండి ఇంటికి చేరిన వారం దాకా అవి దిగలేదు. ఎల్డన్ కార్బొరేటర్ విప్పుతుంటే ఒక పెట్ట పక్కన కూర్చుని తప్పులు పట్టేదని నేనంటాను. అతను కాదనడు. తుప్పుపట్టిన రేకు కోసి కొత్త రేకు అతికేవాడు. ఆరు వోల్టుల దీపాలు ఆరు వోల్టులవే ఉండాలి, రంగు ఫ్యాక్టరీలో వేసిన ఆకుపచ్చే ఉండాలి. కొన్నిటిని మాత్రం తన ఇష్టం వచ్చినట్టు మార్చేవాడు. ముందు గనిలోంచి తెచ్చిన ఇనుప తాడు చుట్టే చక్రం, వెనక నెట్టీ వంటసామాను పెట్టుకునే పెట్టె, చర్చివాళ్ళు పారేసిన బల్ల కోసి చేసిన సీటు. ముప్ఫై ఆరేళ్ళలో అలా పదకొండు జీపులకి ప్రాణం పోశాడు. పోసి, లోయలో చదును రోడ్డు మీద పోస్టాఫీసు దాకా నడిపి, తిరిగి తెచ్చి తుడిచిపెట్టేవాడు. కొండెక్కించేది నెట్టీ.

అతని పనితనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. భయంలోంచి వచ్చింది. ఏ బోల్టు పట్టుకున్నా, అది ఊడితే నెట్టీ ఏ మలుపు దగ్గర ఎలా పడుతుందో అతనికి కళ్ళకి కట్టేది. ధైర్యస్థులు ఒకసారి బిగించి ఈలవేసుకుంటూ పోతారు. ఎల్డన్ మూడుసార్లు బిగించి, అన్నం తింటూ లేచివెళ్ళి మళ్ళీ చూసేవాడు. ఆమె కొండమీద ఉన్నంతసేపూ వంటింటి కిటికీ దగ్గర నిలబడి, కొండవైపు చూడలేక, నేలవైపు చూస్తూ ఇంజను మోత కోసం చెవులు రిక్కించేవాడు.

ఆ కాలం జీపుల్లో ఒక తిరకాసుంది. కుడి చక్రాల నట్లు లోకంలో అన్ని నట్లలాగే కుడికి తిప్పితే బిగుస్తాయి. ఎడమ చక్రాలవి మాత్రం ఎడమకి తిప్పితే బిగుస్తాయి. చక్రం తిరిగే ఊపుకి నట్టు దానంతటదే ఊడకుండా అలా చేశారు. ఎల్డన్ ఇది నెట్టీకి మొదటి జీపునాడే నేర్పాడు. కొండదారి మొదట్లో గేటు దగ్గర ఆగి, రాళ్ళమీద పట్టు కోసం టైర్లలో గాలి కాస్త తీసి, తర్వాత ప్రతి నట్టు మీదా పానా పెట్టి కాలితో తొక్కాలి. ఎడమవి ఎడమకి, కుడివి కుడికి. ఒక్క కిర్రు వినబడగానే ఆపెయ్యాలి. నాలుగు చక్రాలు, ఇరవై నట్లు, ఇరవై కిర్రులు. ఆమె ఒక్కసారీ మానలేదు.

తొంభై ఎనిమిది జూలైలో ఒక శనివారం. యాభై ఏళ్ళు దాటిన జీపులన్నీ కలిసి మ్యూల్ షెల్ఫ్ మీదుగా కనుమకి ఎక్కే రోజు. వెనకటికి ముడిరాయి మోసే కంచరగాడిదల కోసం కొండ పక్కటెముకలో చెక్కిన దారి అది. ఒకపక్క గోడ, రెండోపక్క ఏమీ లేదు. నలభై ఏళ్ళ కిందట అక్కడ నా టోపీ ఎగిరిపోయింది. అది ఇంకా పడుతూనే ఉండాలి. దారి సగంలో ఒక రాతి మెట్టుంది. అక్కడ ఒకరు దిగి, బండికి ఎదురుగా నిలబడి, చేతులతో దారి చూపాలి. ఏటా ఆ పని నెట్టీది. అందుకని అందరికంటే ముందు ఒంటరిగా బయలుదేరుతుంది. ఆ ఏడు ఆమె ఎక్కించబోయేది పదకొండో జీపు, నలభై ఏడో సంవత్సరపుది. వారం కిందటే రంగు ఆరింది.

"తాళం ఇస్తావా, బండికి ముద్దులు పెడుతూ కూర్చుంటావా?" అంది నెట్టీ.

"రాత్రి వాన పడింది. అంచు మెత్తగా ఉంటుంది. గోడవైపే నడుపు," అన్నాడు ఎల్డన్.

"గోడకి గీసుకుంటే రంగు పోయిందని ఏడుస్తావు. అంచుకి జరిగితే నేను పోయానని ఏడుస్తావు. ఏదో ఒకటి తేల్చుకోవయ్యా మగడా."

"నట్లు..."

"ఇరవై కిర్రులు. నా పేరు మర్చిపోతానేమో గాని అది మర్చిపోను." నావైపు తిరిగింది. "అంబ్రోస్, ఈయన కిటికీలోంచి కింద పడకుండా చూడు. నేలకి మూడడుగులుంది."

ఆమె వెళ్ళిపోయింది. మేమిద్దరం వంటింట్లో కూర్చున్నాం. ఆమె చెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన పై రొట్టె ఉంది, కాఫీ ఉంది. ఎల్డన్ తినడం లేదు. అతన్ని నవ్విద్దామనుకున్నాను. నా జీవితంలో ఎన్నో జోకులు వేళకాని వేళ వేశాను గాని, దానికి సాటివచ్చేది మరొకటి లేదు.

"నీ జీపులంత తిక్క బళ్ళు లోకంలో లేవయ్యా," అన్నాను. "ఎడమ చక్రాలు ఎడమకి బిగుస్తాయి, సరే. మొన్న నాతో ముందు కుడి చక్రం పెట్టించావే, అది కూడా ఎడమకే బిగిసింది. పాపం దానికి కుడి ఎడమలు తెలిసినట్టు లేదు."

ఇది నేను అల్లింది కాదు. అంతకు వారం ముందు ఆ చక్రం తగిలించే హబ్బు బీటలు వారిందని, ఎల్డన్ పాత సామాన్ల కుప్పలోంచి ఇంకొకటి తీసి, ఎర్ర ప్రైమరు పూసి, బిగించాడు. నడుము పట్టేసి, చక్రం నన్ను పెట్టమన్నాడు. ఆ వారమంతా వంగి సరిచూసుకోలేకపోయాడు. రెండు కాఫీ డబ్బాల్లో నట్లున్నాయి. కుడి అని రాసిన డబ్బాలోవి ఎంత తిప్పినా మర పట్టలేదు. ఎడమ డబ్బాలోవి వెన్నలా ఎక్కాయి. అడిగితే గంటసేపు పాఠం చెబుతాడు, నాకేమో పేకాటకి వేళవుతోంది. గట్టిగా బిగించి, నోరు మూసుకుని వెళ్ళిపోయాను.

ఎల్డన్ ముఖంలో రక్తం ఉన్నట్టుండి ఎటో వెళ్ళిపోయింది.

"ఏ డబ్బాలోవి పెట్టావు?"

"ఎడమదాంట్లోవి. కుడివి పట్టలేదు మరి."

"అంబ్రోస్, ఇది నీ కథల్లో ఒకటా?"

"కాదు."

"ఒట్టెయ్యి."

"సిస్టర్ ఫిలొమినా మీద ఒట్టు."

"ఆ హబ్బు ఎడమవైపుది." అతని గొంతు గుసగుసలా వచ్చింది. "బోల్టుల కొసమీద గుర్తుగా ఎల్ అక్షరం ఉంటుంది. చూడకుండా దానిమీదే రంగు పూశాను."

"అయితే ఏమైంది? నేను గాడిదలా బిగించాను. ఎటుతిప్పి బిగిస్తేనేం, బిగిసే ఉంది కదా?"

"నువ్వు ఎడమకి బిగించావు. ఆవిడ గేటు దగ్గర ఆగి తొక్కుతుంది. కుడివైపు చక్రం కాబట్టి, కుడికి." ఎల్డన్ లేచి నిలబడ్డాడు. "నట్టు వదులైనప్పుడు కూడా కిర్రుమనే అంటుంది, అంబ్రోస్. కిర్రుమనగానే ఆపెయ్యమని నేర్పింది నేనే."

నోట్లో ఉన్న రొట్టె ముక్క పళ్ళెంలోకి ఉమ్మేశాను.

షెరీఫుకి ఫోన్ చేద్దామన్నాను. వాళ్ళు గేటు చేరేసరికే గంట పడుతుందన్నాడు. నెట్టీ జీపులో రేడియో లేదు. నా పెద్ద ట్రక్కు ఆ మలుపులు తిరగదు. పెరట్లో ఒకటే బండి ఉంది, సగం బాగుచేసిన పన్నెండోది. తలుపుల్లేవు, ముందు అద్దం లేదు. డ్రైవరు సీటు ఉంది. నా సీటు ఉండాల్సిన చోట ఒక బకెట్టు బోర్లించి ఉంది.

"నేను నడుపుతాను," అన్నాను.

"నీకు ఈ గేర్లు రావు," అన్నాడు ఎల్డన్. అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. ముప్ఫై ఆరేళ్ళుగా నేలమీంచి కూడా తలెత్తి చూడని కొండమీదికి ఆ మనిషి బండి తీశాడు.

గేటు దగ్గర తడిమట్టి మీద నెట్టీ బూట్ల అచ్చులున్నాయి. నాలుగు చక్రాలు ఆగినచోటా, పానా మీద కాలు పెట్టి తొక్కేటప్పుడు రెండో మడమ మట్టిలో దిగబడిన గుంటలున్నాయి. ముందు కుడి చక్రం దగ్గర కూడా ఉంది. ఎల్డన్ దాన్ని చూశాడు. మేం గాలి తీయడానికి ఆగలేదు.

షెల్ఫ్ మీదికి ఎక్కగానే లోయ నావైపుకి వచ్చింది. నేను కూర్చున్న బకెట్టుకీ ఆకాశానికీ మధ్య అడ్డం ఏదీ లేదు. ఎల్డన్ తల గోడవైపుకే తిప్పి, రోడ్డుని ఓరకంట చూస్తూ నడుపుతున్నాడు. చెమట చుబుకం నుంచి ధారగా కారుతోంది.

"అంచు ఎంత దూరం?" అన్నాడు.

"బోలెడుంది. గుర్రబ్బండి పడుతుంది."

కింద మా టైరు తన్నిన గులకరాళ్ళు లేచిపోతున్నాయి. అవి ఎక్కడ పడుతున్నాయో చప్పుడు వినబడడం లేదు.

"ఇప్పుడు?"

"ఇప్పుడింకా ఎక్కువ. పెళ్ళి ఊరేగింపు తీసుకెళ్ళొచ్చు." బెత్తెడుంది. కళ్ళు మూసుకుని చిన్నప్పటి ప్రార్థన మొదలుపెట్టాను. మూడో వాక్యం గుర్తురాలేదు. మొదటి రెండే తిప్పి తిప్పి చెప్పుకున్నాను.

మైలు దాటాక ఎల్డన్ హఠాత్తుగా బ్రేకు తొక్కాడు. దారి మధ్యలో, రాళ్ళ నడుమ ఒకటి మెరుస్తోంది. దిగడానికి అతని కాళ్ళు రాలేదు. నేను దిగి తెచ్చి అతని అరచేతిలో పెట్టాను. నట్టు. లోపలి మర చూశాడు.

"ఎడమ మర," అన్నాడు. "ఇంక నాలుగున్నాయి."

రెండో నట్టు ఇంకో పావుమైలు పైన దొరికింది. దాన్ని అతని చేతికిచ్చేటప్పుడు అది వేళ్ళ సందులోంచి జారి, అంచుదాకా దొర్లి, ఒక గడ్డిదుబ్బుకి ఆనుకుని ఆగింది. బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్ళి తెచ్చాను.

"ఇంక మూడు," అన్నాడు. చక్రానికి మూడు చాలునో చాలవో నేను అడగలేదు.

పైనెక్కడో ఇంజను మోత వినబడింది. నేను హారను మీద చెయ్యి వెయ్యబోయాను. ఎల్డన్ ఆ చేతిమీద కొట్టాడు.

"వద్దు! ఈ దారిలో హారను వింటే ఏమనుకుంటారు? వెనకాల ఎవరో దారి అడుగుతున్నారనుకుంటారు. ఆవిడ మర్యాదస్తురాలు. దారిస్తుంది. అంచుకి జరిగి, ఆ చక్రం అంచుమీద పెట్టి, దారిస్తుంది."

అప్పటికి మొదటి మలుపు వచ్చింది. ఆ మలుపు దగ్గర దారి వెనక్కి మడత పడి, మా తలలమీదుగా ఎదురు దిక్కుకి ఎక్కుతుంది. తలెత్తి చూస్తే పై వరసలో నెట్టీ జీపు కనబడింది. అటు తిరిగాక లోయ ఆమె ఎడమకి వచ్చింది, చెడ్డ చక్రం గోడవైపు పడింది. కాని జీపు ముక్కు, అన్నిటికీ ఔనని తలూపేవాడిలా కిందికీ పైకీ ఊగుతోంది. ఇంకో రెండు వందల గజాల్లో రెండో మలుపు. అది తిరిగితే ఆ చక్రం మళ్ళీ లోయ మీదికి వస్తుంది. ఆ పైన రాతి మెట్టు.

మేం మలుపు తిరగాలంటే రెండు మూడుసార్లు వెనక్కీ ముందుకీ తియ్యాలి. అంత వ్యవధి లేదు. మలుపు కొమ్మున ఒక బండ లోయలోకి పొడుచుకువచ్చి ఉంది. దానిమీద నిలబడితే పై దారిలో నడిపే మనిషికి కనబడతాం.

"నేను వెళ్తాను," అన్నాను.

"నిన్ను చూస్తే వేళాకోళమనుకుంటుంది. నువ్వు చెయ్యి ఊపితే, తనూ ఊపి వెళ్ళిపోతుంది," అన్నాడు ఎల్డన్.

అది నిజం. అరవై ఏళ్ళు నా చెల్లెల్ని మాయమాటలతో ఏడిపించినవాణ్ణి. ఆ ఉదయం సిగ్గుకీ భయానికీ తేడా తెలియకుండా పోయింది నాకు.

ఎల్డన్ మోకాళ్ళమీద పాకుతూ బండమీదికి వెళ్ళాడు. కొసకి వెళ్ళాక లేవడానికి ప్రయత్నించాడు, కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. చదును బూట్ల మీద, చుట్టూ గాలి తప్ప ఏమీ లేనిచోట నిలబడి, కుడి పిడికిలి బిగించి తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు.

మా కొండల్లో చేతులతో దారి చూపేవాళ్ళకి చాలా గుర్తులున్నాయి. పిడికిలికి మాత్రం ఒక్కటే అర్థం. ఉన్నచోట ఆగు. ఎందుకని అడక్కు, తల తిప్పకు, పిడికిలి దిగేదాకా బ్రేకుమీద కాలు తియ్యకు.

నెట్టీ చూడలేదు. జీపు ముక్కు ఊగుతూ సాగిపోతోంది. నూట యాభై గజాలు. నూరు. ఎల్డన్ అరిచాడో లేదో నాకు తెలియదు, నోరు మాత్రం తెరిచి ఉంది. అప్పుడు ఆమె తల, లోయ అందం చూడ్డానికో ఏమో, ఇటు తిరిగింది.

జీపు ఆగింది.

ఆమె ఏదో కేకవేసింది. గాలి దాన్ని ఎత్తుకుపోయింది. ఎల్డన్ పిడికిలి దించలేదు. దించితే పొమ్మన్నట్టవుతుంది. అలాగే ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో బండని తడుముకుంటూ వెనక్కి వచ్చి, దారెక్కి నడిచాడు. నేను పానా, జాకీ పట్టుకుని వెనకాల. ఒక్క చెయ్యి గాల్లో పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ వరసంతా నడిచాడు. పైన నెట్టీ బొమ్మలా కూర్చుని ఉంది. చేరాక జీపు రేకుని తాకి, అప్పుడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. అప్పుడూ పిడికిలి పైనే ఉంది.

"నువ్వా? ఇక్కడా?" అంది నెట్టీ. భూతాన్ని చూసినట్టు చూసింది. "ఇల్లు తగలబడిందా ఏం?"

"బ్రేకు మీద కాలు తియ్యకు."

"తియ్యలేదు. తొక్కి తొక్కి కాలు పీక్కుపోతోంది. ముందా చెయ్యి దించు."

"దిగట్లేదు నెట్టీ."

నేను చక్రాల కింద రాళ్ళు పెట్టాక ఆమె దిగి, రెండు చేతులతో పట్టి అతని చెయ్యి వంచింది. తర్వాత ముగ్గురం చక్రం చూశాం. రెండు బోల్టులు ఖాళీ. మిగిలిన మూడు నట్లలో ఒకటి ఎల్డన్ వేలు తగలగానే రాలి అతని ఒళ్ళో పడింది. నెట్టీ ఆ నట్టుని చూసింది. వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడింది. అది ఎప్పుడూ గోడకి ఆనుకుని నిలబడే మనిషి కాదు.

ఎల్డన్ జాకీ ఎత్తి ఐదు నట్లూ పెట్టాడు. ఎడమకి బిగించాడు. ఒక్కొక్కటి కిర్రుమన్నప్పుడల్లా ముగ్గురం ఉలిక్కిపడ్డాం.

"ఇది ఎవరు పెట్టారు?" అంది నెట్టీ అప్పుడు.

"తప్పు హబ్బు నేనే పెట్టాను," అన్నాడు ఎల్డన్.

"హబ్బు అడగలేదు. చక్రం ఎవరు పెట్టారు? నట్టు ఎదురు దిక్కుకి తిరుగుతుంటే నోరు మూసుకున్న మహానుభావుడెవరు?"

నేను లోయవైపు చూశాను. చూడకూడనిది అదేనని చూశాక తెలిసింది.

"అయితే నువ్వే నడుపు, అంబ్రోస్."

"నెట్టీ, నేను డెబ్భై..."

"నేను అరవై ఆరు. తెల్లారినుంచీ దానిమీదే ఊరేగుతున్నా. ఎక్కు."

వెనక్కి తిప్పడానికి ఆ దారిలో చోటు లేదు. కిందనుంచి మిగతా జీపులు ఎక్కివస్తున్నాయి. రెండు బళ్ళూ కనుమ దాకా పోవలసిందే. ఎల్డన్ వెళ్ళి తన బండిని ఎలాగో మలుపు తిప్పి తెచ్చాడు. నెట్టీ దానికి ఎదురుగా వెనక్కి నడుస్తూ చేతులు చూపించడం మొదలుపెట్టింది. కొంచెం ఇటు, కొంచెం అటు, రా. ఎల్డన్ ఆ రెండు చేతుల్ని తప్ప ఇంక దేన్నీ చూడలేదు. గోడని కూడా.

వాళ్ళకి ముందు నేను. నాకు ఎదురుగా ఎవరూ లేరు. ఎడమ సీట్లో కూర్చున్నవాడికి ముందు కుడి చక్రం కనబడదు. రెండో మలుపు తిరిగాక లోయ ఆ చక్రం కిందికి వచ్చింది. నాకు చేతనైన ఒక్క మొదటి గేరులో, ఊపిరి బిగబట్టి, ఇంజను మోత అడుగున ఇంకేదైనా చప్పుడుందేమోనని వింటూ మెట్టువైపు పోనిచ్చాను.

"నట్లు అన్నీ ఉన్నాయా?" అని వెనక్కి కేకేశాను.

"ఉన్నాయి. నడుపు," అంది నెట్టీ.

పది గజాలు పోయాక మళ్ళీ అడిగాను.